రక్తబిందువును కొలిచినవాడు

మహాపురుషులను స్మరించుటయందు మనవారు తరచుగా రెండు దోషములలో నేదో యొకదానికి లోనగుచుందురు. మొదటిది మరచుట. రెండవది, మరచినందులకు ప్రాయశ్చిత్తముగా వారివి కాని కిరీటములను గూడ వారి తలపై పెట్టుట. భీమవరమున జనించి అమెరికాలో కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావుగారి విషయమున నీ రెండును వరుసగా జరిగినవి. ఆయన జీవించియుండగా స్వదేశమున నాయన పేరెరిగినవారు బహుస్వల్పము. గతించిన పిదప, ముఖ్యముగా 1995లో శతజయంతికి తపాలాబిళ్ల వెలువడిన నాటినుండి, ఆధునికౌషధములలో సగము ఆయన యొక్కచేతి మీదుగనే పుట్టినట్లు సభలలో చెప్పుట పరిపాటియైనది. జీవితమంతయు కొలతకు కట్టుబడి పనిచేసిన వానిని కొలత తప్పి పొగడుట ఆయనకు గౌరవము కాదని మా యభిప్రాయము. ఆయన చేసినదెంత, చేయనిదెంత యని త్రాసులో పెట్టి చూచినను ఆ మహనీయుని వైపే త్రాసు మొగ్గును. అందుచేత మనకు భయము లేదు.

ఈ ప్రసంగమునకు కృష్ణాడెల్టా తగిన తావు. బందరు, గుడివాడ ప్రాంతములయందును, కృష్ణ రెండు పాయల నడుమనున్న దివిసీమయందును బోదకాలు తరతరములుగా నెరిగిన వ్యాధి. కాలువలు మనకన్నము పెట్టినవి. మురుగు కదలని గుంటలు దోమను పెంచినవి. ఆ దోమ వెండ్రుకవంటి కృమిని ఒక శరీరమునుండి వేరొక శరీరమునకు మోసినది. కాలు బలిసి యేనుగు పాదమువలె నగువరకు రోగికి తన రోగము తెలియకపోవుట యీ వ్యాధి లక్షణము. 2004 మొదలుకొని పెక్కేండ్లు కోస్తా జిల్లాలలో ఇంటింటికి దిరిగి పంచిన బోదకాలు మాత్ర డైయిథైల్‌కార్బమజీను. అది 1947లో సుబ్బారావుగారి యాధిపత్యమున నడచిన ప్రయోగశాలనుండి వెలువడినది. ఆ మాత్రను మ్రింగిన లక్షలాది జనులలో ఆ సంగతి యెరిగినవారెందరు?

మాత్ర సంగతి యటుండనిండు. ఎవరికి రోగమున్నది, ఎవరికి లేదు అని తెలిసికొనుట మాత్రకంటె ముందు పని. మందు చేసినవానికి పేరు వచ్చును. రోగమును కొలుచు సాధనమును చేసినవాడు తెరవెనుక నుండిపోవును. సుబ్బారావుగారు ఈ రెండు పనులును చేసిరి. అందు మొదటిదియు, మా దృష్టిలో మూలమైనదియు కొలత. రక్తమునందు కంటికి కానరాని స్వల్పద్రవ్యమును పట్టి, ఇంత యని యంకె చెప్పుట యెట్లు? ఈ యొక్క ప్రశ్న ఆయన జీవితమును మొదటినుండి తుదివరకు దారమువలె కూర్చియున్నది. మే మా దారమును పట్టుకొని నడచెదము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీని, కొల్లేటికి తూర్పుననున్న భీమవరమున, యేడుగురు సంతానములో నాల్గవవాడుగ జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. సంసారము దారిద్ర్యముతో నిండినది. బాలుడు చదువుపై మనసు నిలుపక, పదమూడేండ్ల ప్రాయమున, కాశీలో యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనికుడు కావలెనని యిల్లు విడిచి పారిపోగా, తల్లి నడుమ పట్టి తెప్పించెను. తండ్రి పోయిన పిదప ఆ యిల్లాలు తన నగల నమ్మి కుమారుని చదివించెను. రాజమహేంద్రవరమున సాగిన చదువు చెన్నపట్టణమునకు చేరినది. ప్రవేశపరీక్ష మూడవమారు గాని కలిసిరాలేదు. పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలో గణితమున రాణించిన యా యువకునకు రామకృష్ణమిషనులో చేరి సన్న్యసింపవలెనని బుద్ధి పుట్టినది. తల్లి యందుకు సమ్మతింపలేదు. జనసేవ చేయగోరువానికి వైద్యముకంటె మేలైన మార్గము లేదని తలచి ఆయన చెన్నపట్టణపు వైద్యకళాశాలలో చేరెను. చదువునకు మామగారగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు సాయపడిరి.

అవి మహాత్ముని పిలుపు దేశమంతట ప్రతిధ్వనించుచున్న దినములు. సుబ్బారావుగారు శస్త్రచికిత్సాశాలలోనికి సైతము ఖద్దరు దుస్తులతో పోవుచుండిరి. శస్త్రశాస్త్రాచార్యుడగు తెల్లదొరకు అది కంటగింపైనది. వ్రాతపరీక్షలలో చక్కగా నుత్తీర్ణుడైనను ఆ విద్యార్థికి యం.బి.బి.యస్. పట్టము దక్కలేదు, దానికంటె తక్కువదగు యల్.యం.యస్. పట్టముతో బయటికి రావలసివచ్చినది. ఆ దొర కొలిచినది విద్యను గాదు, వస్త్రమును. కొలత చెడిన చోట న్యాయము చెడుననుటకు ఆయన జీవితమున దొరికిన తొలి నిదర్శన మిదియేయని మేము భావింతుము.

రెండవ నిదర్శనము ఇంటిలోనే దొరికినది. ఆయన సోదరు లిద్దరు స్ప్రూ యను గ్రహణివ్యాధితో మరణించిరి. తిన్నదేదియు నొంటబట్టక, రక్తము క్షీణించి, మనుష్యుడు కరగిపోవు రోగమది. దేహమునకేమి లోపించినదో చెప్పగల పరీక్ష యానాడు ప్రపంచమున నెచ్చటను లేదు. లోపించినదేదో తెలియనప్పుడు పూరించుట యెట్లు? ఆయన కొంతకాలము చెన్నపట్టణమున ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదకళాశాలలో నుపన్యాసకుడుగ నుండి, మన మూలికలను నవీనరీతిని పరిశోధింపవలెనని ప్రయత్నించిరి. సాధనములు చాలలేదు. తుదకు కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరుగారి ధర్మసంస్థ సాయముతోను, మామగారి సాయముతోను సముద్రము దాటిరి. భార్య శేషగిరిగారిని విడిచి వెడలిన యాయన మరల స్వదేశమును చూడలేదు. ఆయన వెడలిన పిదప పుట్టిన కుమారుడు తండ్రి ముఖమును చూడకయే శైశవమున గతించెను.

బోస్టనులో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశవ్యాధుల శాస్త్రము నభ్యసించుచు, పొట్టకూటికై రాత్రివేళ ఆసుపత్రిలో సేవకవృత్తి చేయుచు, ఆయన దినములు గడపెను. తరువాత జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్కె యను ఆచార్యునియొద్ద చేరెను. అచ్చట నాయనకు లభించిన సమస్య వినుటకు చిన్నది: రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును తేలికగా, తప్పులేకుండ కొలుచుట. భాస్వర మెముకలకు ఆధారము. పిల్లలకు ఎముకలు వంగు రికెట్సు వ్యాధిలో నది తగ్గును. మూత్రపిండములు చెడినప్పుడు పెరుగును. ఆరోగ్యవంతుని రక్తద్రవమున నూరు మిల్లీలీటర్లకు మూడు నాలుగు మిల్లీగ్రాములకు మించి యుండదు. అంత స్వల్పమును పట్టు పద్ధతులు లేకపోలేదు గాని, అవి నెమ్మదిగా నడచునవి, రంగు నిలుకడలేనివి.

1925లో ఫిస్కె, సుబ్బారావుగార్లు ప్రకటించిన పద్ధతి మన బందరు అద్దకపువారికి వెంటనే బోధపడదగినది. పటికతో, కరక్కాయతో బట్టను సిద్ధము చేసి, చిరివేరు రసములో ముంచినప్పుడు, పటిక యున్నంత మేర ఎరుపెక్కునని పెడనలోని పనివానికి తెలియును. రంగు గాఢత, క్రింద దాగిన ద్రవ్యమునకు సాక్షి. ఇచ్చటను అట్లే. మొదట రక్తములోని మాంసకృత్తులను ఆమ్లముతో పేరజేసి వడగట్టుదురు. తేటనీటిలో అమ్మోనియం మాలిబ్డేటును కలుపగా, అది భాస్వరముతో చేరి యొక సంయోగమగును. దానిపై అమినోనాఫ్తాల్‌సల్ఫోనిక్ ఆమ్లమను క్షయకారకము పనిచేయగా నీలవర్ణము పుట్టును. భాస్వరమెంతయో నీలిమ యంత. తెలిసిన పరిమాణముగల ద్రవమునొక గిన్నెలోను, రోగి రక్తమునుండి తీసిన దానిని మరియొక గిన్నెలోను పోసి, వర్ణమాపకయంత్రమున ప్రక్కప్రక్కన చూచుచు, రెండు నీలిమలును సమానమగువరకు లోతును సవరించినచో నంకె తేలును. ఆ క్షయకారకము నెన్నుకొనుటయే యీ పద్ధతికి ప్రాణము. రంగు కొలది నిమిషములలో వచ్చెను, నిలిచెను, కొలుచువానిని మోసగింపలేదు.

ఈ పద్ధతి యొక్క విలువను గ్రహించుటకు పెద్ద పాండిత్యమక్కరలేదు. స్వల్పరక్తముతో కొలత సాధ్యమైనప్పుడు శిశువునుండి సైతము రక్తము తీయవచ్చును. ఒక రోగినే దినదినము పరీక్షింపవచ్చును. ప్రపంచమునందలి ప్రయోగశాలలు దీనిని దశాబ్దములపాటు వాడినవి. ఆ వ్యాసమును వేలాది యితర వ్యాసములు పేర్కొన్నవి. జీవరసాయనము చదివిన విద్యార్థులు ఫిస్కె-సుబ్బారావు పద్ధతి యను మాటను తరతరములుగా వల్లించిరి. అందులోని రెండవ పేరు భీమవరముదని మాత్రము వారిలో పెక్కురకు తెలియదు.

కొలత సూక్ష్మమైన కొలదియు ప్రకృతి తన రహస్యములను దాచలేకపోవును. తామే నిర్మించిన పద్ధతిని కండరములపై ప్రయోగించినప్పుడు వారికొక వింత కానవచ్చినది. రావలసిన నీలిమ వెంటనే రాలేదు. మెల్లమెల్లగా పెరుగుచు పోయినది. సామాన్యుడైనచో పద్ధతిలో లోపమనియో, గిన్నె మురికియనియో తలచి యా ఫలితమును పారవేసియుండును. వీరట్లు చేయలేదు. ఆలస్యమునకు కారణమెద్దియని ప్రశ్నించిరి. కండరమున నేదో యొక సుకుమారమైన సంయోగము భాస్వరమును పట్టుకొనియున్నదనియు, పరీక్షాద్రవ్యముల తాకిడికి విచ్ఛిన్నమై దానిని కొంచెము కొంచెముగా విడుచుచున్నదనియు తేలినది. అదియే ఫాస్ఫోక్రియాటిను. 1927లో నీ విషయము లోకమునకు వెల్లడియైనది. అది యలసిన కండరమున తరుగును, విశ్రాంతిలో మరల పెరుగును.

పిమ్మట 1929లో వా రిరువురును, అదే కాలమున జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రముగాను, అడినోసిన్ ట్రైఫాస్ఫేటును కనుగొనిరి. ప్రాణికోటి తన శక్తిని నాణెములవలె మార్చుకొను ద్రవ్యము ఇదియేయని నేడు పాఠశాల బాలురు సైతము చదువుచున్నారు. కండరశక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమను నాటి సిద్ధాంతము వీనితో సడలిపోయినది. ఆ రంగమున పరిశోధించిన హిల్, మెయర్‌హాఫ్ పండితులు 1922 సంవత్సరపు నోబెలు బహుమానమందినవారు. వారి కాలమున నమ్మబడిన సిద్ధాంతమును కదిపినది ఆలస్యముగా వచ్చిన యొక నీలిరంగు! ఇందలి నీతిని మేము విడిచిపెట్టజాలము. కొలతలో నొక వికారము కనబడినప్పుడు దానిని మాపివేయువాడు గుమాస్తా. దాని కారణమును వెదకువాడు శాస్త్రజ్ఞుడు.

1930లో హార్వర్డువా రాయనకు డాక్టరు పట్టమిచ్చిరి గాని స్థిరోద్యోగ మీయలేదు. ఆయన మనసు అప్పటికే రక్తక్షీణత వైపు మరలినది. సోదరుల మృత్యువు మరపునకు వచ్చునది కాదు. పెర్నిషియస్ అనీమియా యను ఘోరమైన రక్తక్షీణతకు పశువుల కాలేయము ఔషధమగునని 1926లో మైనాట్, మర్ఫీ వైద్యులు చూపిరి. కాలేయములో పనిచేయు ద్రవ్యమేది? దానిని వేరుచేయుట కాయన యేండ్ల తరబడి పాటుపడిరి. ఇచ్చట కొలత లేకపోవుటచే కలుగు కష్టమాయనకు పూర్తిగా నవగతమైనది. కాలేయసారమును పది భాగములుగ విడదీసినప్పుడు, మం దే భాగమున నున్నదో చెప్పుటకు రంగులేదు, యంత్రము లేదు. రోగి నొకని వెదకి, వానికా భాగమునిచ్చి, క్రొత్త రక్తకణములు పుట్టుచున్నవో లేదో యని దినముల తరబడి లెక్కించుటయొక్కటే మార్గము. తగిన రోగి దొరకనినాడు పరిశోధనయే నిలిచిపోవును.

1940లో నాయన న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివర్‌లో లెడర్లె ప్రయోగశాలలకు వెడలి, తరువాత నచ్చటి పరిశోధనల కధిపతియైరి. ఆ కాలమున కొలతకు క్రొత్త త్రాసు దొరికినది. అది సూక్ష్మజీవి. ఒక జాతి బాక్టీరియా ఫోలిక్ ఆమ్లము లేనిదే పెరుగదు. ఎంత యిచ్చిన నంత పెరుగును. గిన్నెలోని నీరు మబ్బుపట్టినంత మేర నందు ఫోలిక్ ఆమ్లమున్నదని లెక్క. ఈ త్రాసుతో స్టోక్‌స్టాడ్ మొదలగు సహచరులు కాలేయమునుండి దానిని శుద్ధముగ తీయగలిగిరి; 1945లో నా సమూహము దానిని రసాయనికముగ నిర్మించెను. అంతకు పూర్వమే, 1930 ప్రాంతమున, లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో పేద గర్భిణుల రక్తక్షీణతను ఈస్టుసారముతో మాన్పి, యిట్టి ద్రవ్యమొకటి యున్నదని చూపియుండెను. బొంబాయిలో మొదలైన ప్రశ్నకు భీమవరపు మనుష్యుడు నాయకుడైన సమూహము పెర్ల్ రివర్‌లో సమాధానము చెప్పినది. తన సోదరులను మ్రింగిన స్ప్రూ వ్యాధికి ఫోలిక్ ఆమ్లము ఔషధమైనది. వారికది ముప్పదియేండ్లు ఆలస్యముగ వచ్చినది.

ఇచ్చట సత్యము నింకొక పాలు చెప్పవలయును. ఆయన మొదట వెదకినది పెర్నిషియస్ అనీమియా మందు. అది ఫోలిక్ ఆమ్లము కాదు, బి12 విటమిను. దాని గౌరవము 1948లో అమెరికాలో ఫోకర్స్ సమూహమునకును, ఇంగ్లండులో లెస్టర్ స్మిత్‌కును దక్కినది. అందును సూక్ష్మజీవి త్రాసు, మేరీ షార్బ్ యను విదుషి నిర్మించినది, ఫోకర్స్ సమూహమునకు తోడ్పడినది. అట్లే ఆరియోమైసిను నిచ్చు సూక్ష్మజీవిని కనుగొన్నది లెడర్లెలోని వృద్ధపండితుడగు డగ్గర్, సుబ్బారావుగారు పరిశోధనాధిపతి. బోదకాలు మందు పనిచేయునని పత్తిచేల యెలుకలపై తేల్చినవారు హ్యూయిట్ మొదలగు సహచరులు. కాన్సరు విషయమున, ఫోలిక్ ఆమ్లమునకు ఎదురుగా నిలుచు అమినోప్టెరిను లెడర్లెలో తయారైనది. దానిని బోస్టనులో సిడ్నీ ఫార్బర్ ల్యూకీమియా సోకిన పదునారుగురు పిల్లల కిచ్చి, పదిమందిలో తాత్కాలికముగా గుణము కనబడినదని 1948 జూనులో ప్రకటించెను. ఇట్లు పంచి చెప్పినచో సుబ్బారావుగారి కీర్తి తగ్గునా? మా యభిప్రాయమున తగ్గదు. ఇన్ని చేతుల నొక్క దారిని నడిపిన బుద్ధి యెవరిదియను ప్రశ్నకు సమాధానమొక్కటే కదా.

ఆ సంవత్సరమే ఆగష్టు మాసమున, యేబదిమూడేండ్ల వయస్సున, ఆయన నిద్రలో గుండె యాగి మరణించిరి. పత్రికలవారికి దూరముగను, బిరుదులకు దూరముగను బ్రదికిన మనుష్యు డాయన. 1953లో శిలీంధ్రజాతికొకదానికి సుబ్బారోమైసిస్ అని సహశాస్త్రజ్ఞులు పేరు పెట్టిరి. ఆయన దేశమున కది తెలియుటకు చాలకాలము పట్టినది.

కథ ఆయనతో ముగియలేదు. భాస్వరము నీలిమతో దొరికినది. మరి హార్మోనుల మాటయేమి? పరగడుపున మనుష్యుని రక్తమున మిల్లీలీటరునకు గల ఇన్సులిను, గ్రాములో నూరుకోట్లవ వంతుకంటె తక్కువ. భాస్వరముతో పోల్చినచో వేలాది రెట్లు స్వల్పము. ఇంతటి స్వల్పమునకు రంగు పుట్టించు రసాయనము లేదు. 1960 ప్రాంతమున న్యూయార్కులో రోసలిన్ యాలో యను భౌతికశాస్త్రజ్ఞురాలును, సోలమన్ బెర్సన్ యను వైద్యుడును నూతనమార్గమును తెరచిరి. అన్యమైన మాంసకృత్తు ప్రవేశించినప్పుడు దేహము దానిని గుర్తించి పట్టుకొను ప్రతిరక్షకములను తయారుచేయును. ఆ గుర్తింపునే వారు త్రాసుగ చేసిరి. రేడియోధార్మిక అయొడినుతో గుర్తుపెట్టిన ఇన్సులినును, రోగి రక్తములోని గుర్తులేని ఇన్సులినును, కొద్దిపాటి ప్రతిరక్షకముల యెదుట నుంచిరి. ఉన్న కొలది పీటలకు రెండు వర్గములును పోటీపడును. రోగి ఇన్సులిను హెచ్చైన కొలది గుర్తుగలదానికి చోటు తగ్గును. ఆ తగ్గుదలయే కొలత. వారు దానిపై హక్కుపత్రము తీసికొనలేదు. 1972లో బెర్సన్ గతించెను. 1977లో యాలో నోబెలు బహుమానమందెను.

అది మొదలు నేటివరకు జరిగిన శ్రమయంతయు నా త్రాసును సున్నితము చేయుటకే. సున్నితమనగా సంకేతమును పెంచుటయేయని పలువురు భ్రమపడుదురు. ఖాళీగిన్నెయు కొంత వెలుగును చూపును. అనవసరముగ గోడకంటుకొనిన ప్రతిరక్షకమును సంకేతమిచ్చును. దీపము పెద్దది చేసినచో దొంగవెలుగును పెద్దదగును. ఖాళీకిని స్వల్పమునకును భేదము చూపుటయే సున్నితత్వము. అందులకు గట్టిగ పట్టు ప్రతిరక్షకము కావలెను; గిన్నెను చక్కగ కడుగవలెను; ఒక ప్రతిరక్షకము ద్రవ్యమును గోడకు పట్టియుంచగా, రెండవది దాని మరియొక పార్శ్వమును పట్టి గుర్తుచూపవలెను. రెండుచేతులు కలిసినగాని మ్రోగని చప్పట్లవంటి దీ యేర్పాటు. సుబ్బారావుగారి పద్ధతిలోను ఇదే జాగ్రత్త యవసరము. గిన్నెను కడిగిన సబ్బులో భాస్వరమున్నచో, రోగి రక్తము చేరకమునుపే నీరు నీలమగును.

థైరాయిడు వ్యాధి యిందుకు చక్కని దృష్టాంతము. ఆ గ్రంథిని ప్రేరేపించు టి.యస్.హెచ్. యను హార్మోనును తొలినాటి పద్ధతులు లీటరునకు సుమారొక మిల్లీప్రమాణమునకు దిగువ చూడలేకపోయినవి. ఆరోగ్యవంతునిలో నది 0.4 వరకు దిగవచ్చును. గ్రంథి విజృంభించిన రోగిలో నంతకంటె మిక్కిలి తక్కువ. మోటుత్రాసుకు రెండును ఒక్కటే. రెండు ప్రతిరక్షకముల పద్ధతి వచ్చి, పదిరెట్లు, నూరురెట్లు దిగువకు చూడగలిగిన పిమ్మటనే యొక్క రక్తపరీక్షతో నారోగ్యమును, రోగమును వేరుచేయుట సాధ్యమైనది. 1971లో స్వీడనులో ఎంగ్‌వాల్, పెర్ల్‌మన్ పరిశోధకులు రేడియోధార్మిక గుర్తునకు బదులు ఎంజైమును తగిలించిరి. వారెన్నుకొనినది ఫాస్ఫేటును త్రెంచు ఎంజైము. వారు చూచినది విడివడిన ఫాస్ఫేటును గాదు, త్రెంచిన పిదప మిగిలిన రంగును. దీనిని సుబ్బారావుగారి వంశములో చేర్చుట మా యుద్దేశ్యము కాదు. స్వల్పద్రవ్యమును రంగుగా మార్చి కంటికి చూపుట యను మార్గమొక్కటేయని మాత్రము చెప్పెదము.

ఆయన మందులును, ఈ కొలతలును నేడు రోగిశయ్యయొద్దనే కలిసికొనుచున్నవి. అమినోప్టెరినుకు తమ్ముడగు మెథోట్రెక్సేటును ల్యూకీమియా రోగికి హెచ్చు మోతాదున నిచ్చినప్పుడు, అది రక్తమునుండి దిగిపోవుచున్నదో లేదో ప్రతిరక్షక పరీక్షలతో కొలిచి, విరుగుడు మందు నెంతకాల మీయవలెనో నిర్ణయింతురు. ఆ కొలత లేనిచో ప్రాణము నిలుపు మందే ప్రాణము తీయును.

బోదకాలు సంగతియు నిట్టిదే. దాని సూక్ష్మకృములు పగలు లోతైన నాళములలో దాగి, నడిరేయి పైరక్తములోనికి వచ్చును. అందుచేత పూర్వము ఆరోగ్యశాఖవారు అర్ధరాత్రి యింటింటి తలుపు తట్టి, నిద్రించు బిడ్డలను లేపి, వ్రేలినుండి రక్తము తీసి, గాజుపలకపై పూసి సూక్ష్మదర్శినిలో వెదకవలసివచ్చినది. కృములు కొద్దిగ నున్నచో పూతలో దొరకవు. 1990 తరువాత వచ్చిన ప్రతిరక్షకపు పలక, పెద్ద కృమి రక్తములోనికి విడుచు ద్రవ్యమునే పట్టి గీత చూపును. పగలైన నేమి, రాత్రియైన నేమి, పాఠశాలలో బిడ్డ వ్రేలి కొననుండి తీసిన చుక్క చాలును. మాత్రల పంపకము నాపవచ్చునా లేదా యని తేల్చుటకు, ఆరేడేండ్ల పిల్లలకీ పరీక్షనే చేయుదురు.

మా విన్నపమిచ్చట నున్నది. రోగము హెచ్చుగ నున్నప్పుడు మోటుకొలతయు పనికివచ్చును. రోగము తగ్గిన కొలదియు కొలత సూక్ష్మము కావలెను. దివిసీమలో నొక్క లంకలో, ఒక్క మురుగుగుంట చెంత, నలుగురి రక్తమున మిగిలిన కృమిని చూడలేనివారు దానిని జయించితిమని చాటుట ఆత్మవంచన. వ్యాధి కనబడుట లేదనుట వేరు, వ్యాధి లేదనుట వేరు. మరియు, సూక్ష్మకొలతకు తోడు నమ్మకమైన చేయి కావలెను. గుడివాడలోనైనను, బందరులోనైనను, అవనిగడ్డలోనైనను, పరీక్షాశాలలో తెలిసిన పరిమాణముగల ద్రవముతో యంత్రమును దినదినము సరిచూడని నాడు, అచ్చుకాగితముపై రెండు దశాంశముల వరకు వేసిన యంకె యొక యలంకారము మాత్రమే. ఆ యంకెను నమ్మి పల్లెలోని యిల్లాలు జీవితమంతయు మాత్ర మ్రింగవచ్చును. లేక మ్రింగవలసినది మానవచ్చును. ఆ పరికరమును సరిచూచు యువకుడు, గిన్నె కడుగు యువతి, తమది చిన్న యుద్యోగమని తలపరాదు. రాత్రులు ఆసుపత్రిలో సేవచేసి, పగళ్లు నీలిగిన్నెలు సరిచూచిన యొక తెలుగువాడు అట్టి పనినుండియే ప్రాణిశక్తి రహస్యమును పట్టుకొనెను.

సుబ్బారావుగారికి విగ్రహములు వేయుడు, మేము వలదనము. బడిపుస్తకములలో పాఠము వ్రాయుడు, సంతోషింతుము. ఐతే కొలత తప్పని పరీక్షాశాల యొకటి తాలూకా తాలూకాకు నిలిచిననాడు ఆయనకు మనము చేసిన సన్మానము పూర్తియగును. ఆయన ఖద్దరు చూచి విద్యను తక్కువగ కొలిచినవారిని మనము నిందించితిమి. మన బీదవాని రక్తమును మనమే తప్పుగ కొలిచినచో నిందకు పాత్రులమెవరము?